బడి నుంచి పారిపోయిన బొమ్మలాయన

బడి నుంచి పారిపోయినోళ్లు మన ఊర్లో తక్కువేం లేరు. మీ నాయన కూడా ఒకసారి చెరువుకట్ట మీద చింతచెట్టెక్కి పొద్దు గుంకేదాకా కూర్చున్నాడు. వాని సంగతి ఇంగోసారి చెప్తా. ఈ పొద్దు చెప్పేది ఒక ఇంగ్లండాయన కత. ఆయన పారిపోయింది మామూలు బడి నుంచి కాదు, ఈటన్ నుంచి. ప్రధానమంత్రులు, రాజవంశం పిల్లోళ్లు చదివిన బడి అది. మగపిల్లోడు పుడితే ఆ నెలలోనే పేరు రాయించి పెట్టుకునే కాలం. అట్లాంటి తావ నుంచి పారిపోయినాడు. సరేలే అని బ్రయన్‌స్టన్ అనే ఇంగో పెద్ద బడిలో వేస్తే ఆడ నుంచీ పారిపోయినాడు. వానికి కావాల్సింది ఒకటే. బొమ్మలు వేయాల. అయిదేండ్లప్పుడే ఆ మాట తేల్చి చెప్పేసినాడంట.

ఆయన పేరు హోవర్డ్ హాజ్కిన్. 1932 ఆగస్టు 6న లండన్లో పుట్టినాడు. కలిగిన ఇల్లే. నాయన ఐసీఐ అనే రసాయనాల కంపెనీలో మేనేజరు, పూలమొక్కలంటే పిచ్చి. అమ్మ ఆ పూలనూ ఆకులనూ చూసి బొమ్మలు వేసేది. హాజ్కిన్ లింఫోమా అని ఒక క్యాన్సరు పేరు వినింటారు, ఆ జబ్బును మొదట గుర్తుపట్టి రాసిన డాక్టరు కూడా ఈ వంశం ఆయనే. ఇంటినిండా చదువుకున్నోళ్లు. మధ్యలో వీడు, పుస్తకం మూసేసి కుంచె పట్టుకున్నోడు.

ఎనిమిదేండ్లప్పుడు యుద్ధం ముదిరింది. 1940లో లండన్ మీద బాంబులు పడతాంటే తల్లి, తోబుట్టువుతో వాన్ని అమెరికాకు పంపించేసినారు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో మూడేండ్లు ఉన్నాడు. ఆడ మ్యూజియంలో మతీస్, బొన్నార్ లాంటోళ్ల బొమ్మలు చూసినాడు. యుద్ధం శానామంది పిల్లోళ్లకు కూడు లేకుండా చేసింది, వీనికి మాత్రం కండ్లు తెరిపించింది. అదృష్టం అంటే అట్ల ఉంటాది, నలుగురికీ ఒకటే మాదిరి పంచేది కాదు.

ఆ కట్టె కొంచెం లోపలికి తొయ్యబ్బీ, పొగ ఇటు కొడ్తాండాది.

యాడున్నాం? ఆఁ, ఈటన్. పారిపోయినా ఆ బడి వానికి ఒక మేలు చేసింది. విల్‌ఫ్రిడ్ బ్లంట్ అని ఒక డ్రాయింగ్ మాస్టరు ఉండేవాడు. ఆయన క్లాసులో మన దేశపు బొమ్మలు చూపించినాడు. మొఘలు దర్బారోళ్లు, రాజపుత్రులు వేయించినవి, అరచేయంత కాగితం మీద ఏనుగులు, తోటలు, వానమబ్బులు. సూక్ష్మచిత్రాలు అంటారు. ఆ పిల్లోడు వాటిని చూసి వదల్లేకపోయినాడు. చేతిలో డబ్బుల్లేకపోయినా కుర్రతనంలోనే కొనడం మొదలుపెట్టినాడు. బతికినంత కాలమూ ఆ పిచ్చి వదల్లేదు. పెద్దయ్యాక బడిపంతులుగా వచ్చే జీతంలో, పెండ్లాం పిల్లల్ని పెట్టుకొని, ఈ బొమ్మలు కొనేవాడు. ఒకటి అమ్మి ఇంగోటి కొనేవాడు, ఒకటిచ్చి ఇంగోటి మార్చుకునేవాడు. మీ జేజి అట్లాంటి మొగునితో ఎన్ని దినాలు కాపురం చేసేదో నేను చెప్పలేను.

నాకివన్నీ ఎట్ల తెలుసునంటారా? ఢిల్లీలో సర్కారు ఆఫీసులో గుమాస్తాగిరి వెలగబెట్టినప్పుడు బ్రిటిష్ కౌన్సిల్ లైబ్రరీకి కార్డు తీసుకున్నా. మొదట పోయింది ఎండాకాలం చల్లగా ఉంటాదని. తర్వాత పుస్తకాలు తగులుకున్నాయి. ఈయన బొమ్మలుండే పెద్ద పుస్తకాలు ఆడే చూసినా. మొదట తెరిచినప్పుడు మీరు అనేదే నేనూ అన్నా, ఇదేం బొమ్మ, పిల్లోడు రంగుడబ్బా ఒలకబోసినట్లుండాదే అని. కింద పేరు చూస్తే 'స్మిత్ స్క్వేర్‌లో విందు' అని ఉంటాది. విందూ లేదు, విస్తరీ లేదు. చుక్కలు, పట్టెలు, మందంగా పూసిన రంగు. ఆ రంగు ఊరికే ఉండకుండా ఫ్రేము మీదకు ఎక్కేసి ఉంటాది. పక్కన తేదీ చూస్తే 1975–79. నాలుగేండ్లు! ఈ చుక్కలు పెట్టేదానికి నాలుగేండ్లు ఏం చేసినాడబ్బా అనుకున్నా.

ఆ లెక్కే నన్ను పట్టుకునింది. గుమాస్తాను గదా, తేదీలు చూసే అలవాటు. పేజీలు తిప్పితే అన్నీ అట్లనే. 'ఢిల్లీలో మిసెస్ ఆక్టన్' 1967 నుంచి 71. 'వాన' 1984 నుంచి 89. వాన కురిసేది గంటసేపు, వేసింది అయిదేండ్లు. అట్లని అవి గోడంత బొమ్మలూ కావు, శానామటుకు చిన్నవే.

చదవంగా చదవంగా తెలిసింది. ఈయన ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకొని వేసేవాడు కాదు. యాడికో విందుకు పోతాడు. ఎవరో నవ్వుతారు, ఎవరో అలుగుతారు, కిటికీ బయట పొద్దు గుంకుతాది. ఇంటికొస్తాడు. ఫోటో లేదు, నోటుబుక్కులో గీసుకున్నదీ లేదు. ఆ సాయంత్రం మనసులో ఏం మిగిలిందో అది చెక్క మీద రంగుగా రావాల. రాకపోతే గీకేసి మళ్లా పూస్తాడు. ఆర్నెల్లకు ఇంగోపూత. ఏడాది పక్కన పెట్టి మళ్లా. ఇప్పుడు నేను మీకు చేస్తాండేది కూడా అంతే గదా. మా నాయన పెండ్లి ముచ్చట చెప్పమంటే ఎవరెవరు వచ్చినారో పేర్లు రావు, గానీ పందిట్లో పసుపు వాసన, మా మేనత్త గొంతు, అన్నం చాలక మా తాత పడిన హైరానా, అవి ఈ పొద్దుకీ ఉండాయి. ఎన్నిసార్లు చెప్పినా ఒక మాట తీసి ఇంగోమాట పెడతానే ఉంటా. ఆయన పని రంగుల్తో, నా పని నోటితో.

అందుకే ఎవరన్నా తనను నైరూప్య చిత్రకారుడు అంటే ఆయనకు ఒప్పేది కాదు. నేను వేసేది ఆకారాలను కాదు గానీ నిజంగా జరిగిన సంగతులనే, మనసులో కలిగిన వాటినే వేస్తాండా అని మొత్తుకునేవాడు. లోకం వినలేదు. పుస్తకాల్లో ఇప్పటికీ నైరూప్యం అనే అరలోనే పెడతారు. నాకైతే ఆయన మాటే సరి అనిపిస్తాది. పేరు చూడకుండా రంగు చూడాల, తర్వాత పేరు చదవాల, మళ్లా రంగు చూడాల. అప్పుడు విందు కనబడతాది. అందరికీ కనబడతాదని నేను పూచీ పడను.

బతుకుతెరువు మాత్రం నెమ్మదిగానే సాగింది. క్యాంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్లో కొన్నాళ్లు, తర్వాత కోర్షమ్‌లో ఉండే బాత్ అకాడమీలో నాలుగేండ్లు చదివినాడు. పదిహేడేండ్లప్పుడు వేసిన 'జ్ఞాపకాలు' అనే బొమ్మ ఒకటి పుస్తకాల్లో ఉంటాది. సోఫాలో ఒక ఆమె, ఆమె చెప్పేది వింటా ఈ పిల్లోడు. పేరు చూడండి, పదిహేడేండ్లకే జ్ఞాపకాలంట! బతుకంతా ఏం చేయబోతాడో ఆ చిన్న బొమ్మలోనే వేసి పెట్టుకున్నాడు. తర్వాత చార్టర్‌హౌస్ బడిలో పంతులు, 1956 నుంచి పదేండ్లు తను చదివిన కోర్షమ్‌లోనే పంతులు, ఆపైన చెల్సీలో. బడి నుంచి రెండుసార్లు పారిపోయినోడు పద్దెనిమిదేండ్లు పంతులు పని చేసినాడు, అదీ చిత్రం. సొంతంగా మొదటి ప్రదర్శన పెట్టేటప్పటికి ముప్పై ఏండ్లు వచ్చినాయి, 1962లో లండన్లో టూత్ అనే గ్యాలరీలో. ఆ కాలంలో లండన్ కుర్రోళ్లు శానామంది సినిమా పోస్టర్ల మాదిరి బొమ్మలేసి పేరు తెచ్చుకుంటాండారు. ఈయన యాడా కలవలేదు. వేసేది నిదానం, అమ్ముడయ్యేది అంతకన్నా నిదానం.

1964లో మొదటిసారి మన దేశానికి వచ్చినాడు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఉండాది గదా, ఆడ భారతదేశపు విభాగంలో పనిచేసే రాబర్ట్ స్కెల్టన్ అనే పండితునితో కలిసి వచ్చినాడు. కాగితం మీద చూసిన ఎండ నిజంగా నెత్తిన పడింది. అప్పటి నుంచి ఇంచుమించు ఏటా వచ్చేవాడు. బొంబాయి సూర్యాస్తమయం, హోటలు తోట, రైలు కిటికీ, వానాకాలం, అన్నీ ఇంటికి పోయినాక ఆ చెక్కల మీదకు ఎక్కినాయి. ఈడ కూర్చొని వేసేవాడు కాదు. లండన్లో, ఆ మబ్బుపట్టిన వెలుతురులో కూర్చొని బొంబాయి ఎండను గుర్తు చేసుకుంటా వేసేవాడు. దూరం పోతే గాని ఆయనకు రంగు పలికేది కాదు.

కాన్వాసు గుడ్డ వదిలేసి చెక్క పట్టుకునింది కూడా ఆ తర్వాతి ఏండ్లలోనే. గుడ్డ మీద నాలుగేండ్లు గీకి పూస్తే నిలబడదు, ఊగుతాది. చెక్క తట్టుకుంటాది. పాత బల్లల మీది పలకలు, పాత ఫ్రేములు, చేతికి దొరికిన చెక్కలన్నీ తెచ్చుకునేవాడు. ఫ్రేము కూడా బొమ్మలో భాగమే. రంగు ఫ్రేముదాకా పోయి, ఎక్కి, అవతలికి దిగుతాది. మన సూక్ష్మచిత్రాలకు చుట్టూ అంచులు, అంచులో ఇంగో అంచు, ఒకోసారి ఏనుగు తొండమో గుర్రం కాలో ఆ గీత దాటి బయటకు వస్తాది. వాటిని దినామూ చూసిన కండ్లు ఊరికే ఉంటాయా? ఈయన మాత్రం ఆ బొమ్మల సేకరణ వేరు, నా పని వేరు అన్నట్లే మాట్లాడేవాడు. ఉండొచ్చులే. సంగటి తిని పెరిగినోడు నాకు సంగటితో పనేముంది అంటే నమ్మాలంటే నమ్మొచ్చు.

బరోడాలో భూపేన్ ఖఖర్ అని మన బొమ్మలాయన ఒకడు ఉండేవాడు. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ, పగలు లెక్కలు రాసేది, మిగిలిన పొద్దంతా మంగలి షాపులు, గడియారాలు బాగుచేసేటోళ్లు, చిన్నచిన్న మనుషుల బొమ్మలేసేది. వీళ్లిద్దరికీ దోస్తీ కుదిరింది. 1979లో ఖఖర్‌ను కోర్షమ్‌కు పిలిపించుకొని కొన్నాళ్లు పిల్లోళ్లకు చెప్పించినాడు. ఇద్దరికీ ఇంగో సంగతి కూడా కలిసింది. హాజ్కిన్‌కు జూలియా అని పెండ్లాం, ఇద్దరు కొడుకులు. నడివయసులో, ఖఖర్ మాదిరే తన మనసూ మగవాళ్ల మీదనే అని ఒప్పుకొని వేరుపడినాడు. ఇంగ్లండులో 1967 వరకూ అది జైలుకు పోయే నేరం. అట్లాంటి దేశంలో పెరిగినోడు ఆ మాట బయట పెట్టడం చిన్న సంగతి కాదు. కడదాకా ఆంటొనీ పీటీ అనే సంగీతం మీద రాసే ఆయనతో కలిసి బతికినాడు. ఎందుకు నవ్వుతాండావబ్బీ? కాపురం కాపురమే.

యాభై దాటినాక వచ్చింది పేరు. 1984లో వెనిస్‌లో జరిగే పెద్ద చిత్రకళా ఉత్సవంలో బ్రిటన్ తరఫున ఈయన ఒక్కణ్ణే నిలబెట్టినారు. నలభై బొమ్మలు. గోడలు మామూలు తెలుపు వద్దని లేత ఆకుపచ్చ వేయించినాడు. వచ్చినోళ్లంతా నోరు తెరిచినారు. మరుసటి ఏడాది టర్నర్ ప్రైజు, పదివేల పౌండ్లు. బహుమతి తెచ్చిన బొమ్మ పేరు 'చిన్నదే అయినా నాది'. నిజంగానే చిన్నది. 1992లో సర్ బిరుదు. బిరుదులు వచ్చినా మనిషి మారలేదు. బొమ్మ గురించి మాట్లాడమంటే ముడుచుకుపోయేవాడు, ఒకోసారి కండ్లనీళ్లు పెట్టుకునేవాడు. లండన్లో బ్రిటిష్ మ్యూజియం పక్క సందులో ఒకప్పుడు పాలడెయిరీగా ఉండిన కొట్టాన్ని పనిచోటు చేసుకున్నాడు. పైన అద్దాల కప్పు. వేస్తాండే బొమ్మలన్నిటి ముందరా తెల్ల తెరలు పెట్టి దాచేది, ఒకసారికి ఒక్కటే తెరిచి, కుర్చీలో కూర్చొని చూస్తా ఉండేది. చూసేది గంటలకొద్దీ, కుంచె పెట్టేది ఒక్క నిమిషం.

ఇప్పుడు మన సంగతికి వస్తాం. ఢిల్లీలో బ్రిటిష్ కౌన్సిల్ కొత్త బిల్డింగు కట్టింది చార్లెస్ కొరియా, 1992లో పూర్తయింది. వీధి వైపు ముందు గోడకు బొమ్మ వేయమని హాజ్కిన్‌ను అడిగినారు. అరచేయంత చెక్కతో కుస్తీ పట్టేటోనికి అంతస్తుల ఎత్తు గోడ ఇచ్చినారు! ఆయన ఒక మహావృక్షం వేసినాడు. కాండం, కొమ్మలు గోడంతా పాకి, పక్కలకు తిరిగి, గవాక్షాల చుట్టూ నీడ పరిచినట్లుంటాది. రంగుల మనిషి రంగులన్నీ వదిలేసి రెండే పెట్టుకున్నాడు, నలుపూ తెలుపూ. అది రంగుతో పూసింది కాదు, రాళ్లు కోసి అతికించింది. తెలుపుది తాజ్‌మహల్‌కు వాడిన మక్రానా పాలరాయి. నలుపుది ఏం రాయనుకుంటాండారు?

మన కడప రాయి.

ఆఫీసులో నా జతగాడు చెప్తే నమ్మలేదు. కడప బండంటే ఢిల్లీలో అందరికీ తెలుసు, వంటింట్లో స్టవ్వు కింద పరిచేది అదే. నూనె మరకలు పడి, ఉల్లిగడ్డలు తరిగి, చపాతీలు వత్తి వత్తి నున్నబడేది అది. మన యర్రగుంట్ల పక్క గనుల్లో పొరలు పొరలుగా లేపి లారీలకెక్కించేటప్పుడు ఎవరన్నా దాన్ని బొమ్మకు పనికొస్తాదని చూసినారా? నేను పోయి రోడ్డవతల నిలబడి చూసినా. పొద్దున ఎండ పడితే పాలరాయి కండ్లు చెదరగొడ్తాది, మన రాయి మాత్రం ఆ వెలుతురునంతా తాగేసి నల్లగా ఉంటాది. దగ్గరికిపోతే చెట్టు కనబడదు, వంకర్లు తిరిగిన రాతి అంచులు కనబడతాయి. ఎంత ఓపిగ్గా కోసినారో ఆ రాళ్లను! పుస్తకంలో హాజ్కిన్ పేరుంది, కొరియా పేరుంది. ఆ వంకర్లు కోసిన పనోళ్ల పేర్లు నాకు యాడా దొరకలేదు. దినామూ గాలిలో రాళ్లపొడి మింగినోళ్లు వాళ్లే గదా. ఆ లెక్క మాత్రం నాకు కొంచెం కడుపులో మండుతాది.

ఆ తర్వాత కూడా పాతికేండ్లు పని ఆపలేదు. మార్క్ మోరిస్ అనే అమెరికా నాట్యాచార్యునికి రంగస్థలం తెరలు వేసిచ్చినాడు, 2002లో జాకిర్ హుసేన్ తబలా వాయించిన 'కోలం' అనే నాట్యానికి కూడా ఆయనదే తెర. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ఒక పోస్టరు. ముసలితనం వచ్చేకొద్దీ కుంచె పోట్లు తగ్గినాయి. నాలుగు గీతలు, మిగతాదంతా ఉత్త చెక్క, దాని గాట్లతో సహా. చక్రాల కుర్చీలో కూర్చొనే వేసేవాడు. కడపటి చలికాలాలు బొంబాయిలో గడిపినాడు, ఈసారి ఈడే కూర్చొని వేసినాడు. 2017 మార్చి 9న లండన్లో పోయినాడు, ఎనభై నాలుగేండ్లు. ఆయన పోయిన రెండు వారాలకు నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఆయన వేసిన మనుషుల బొమ్మల ప్రదర్శన మొదలైంది. ముక్కూ మొగమూ లేని బొమ్మల్ని పోర్ట్రెయిట్లని ఒప్పించుకోడానికి ఆయనకు బతుకంతా పట్టింది, ఒప్పుకున్నప్పుడు చూడ్డానికి లేడు.

ఆయన కొన్న మన బొమ్మలేమైనాయని గదా నువ్వడిగేది, అమ్మీ? శానా ఏండ్లు ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియంలో పెట్టినారు. ఇప్పుడు చాలా మటుకు న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరినాయి. 2024లో 120కి పైగా గోడకు పెట్టి చూపించినారు. మొఘలువి, కొండరాజ్యాలవి, మన దక్కనువి కూడా. ఒకదాంట్లో బీజాపూరు సుల్తాను మహమ్మద్ ఆదిల్షా, వెనక ఇఖ్లాస్ ఖాన్ అనే, ఆఫ్రికా మూలమున్న హబ్షీ మంత్రి, ఇద్దరూ ఏనుగు మీద పోతాంటారు. ఆ ఏనుగు నగలు చూస్తే మతి పోతాది. ఆయన ప్రేమతో దాచినాడు, పాడు కాకుండా కాపాడినాడు, అది కాదనను. గానీ రాజుల పెట్టెల్లోంచి బజార్లకు, ఆడ నుంచి సముద్రాలు దాటి పోయిన వాటిని తలుచుకుంటే ఏమో, మనవి అనిపిస్తాది. 1972లో పాత వస్తువులు దేశం దాటకుండా చట్టం చేసినారు, అప్పటికే పోవాల్సినవి శానా పోయినాయి.

మీ చిన్నాయన న్యూజెర్సీలోనే గదా ఉండేది. ఈసారి పోయినప్పుడు చూసిరా. అట్లని ఊరికే పోతే కనబడవు. కాగితం బొమ్మలు వెలుతురుకు వెలిసిపోతాయని కొన్నాళ్లు పెట్టి మళ్లా లోపల దాచేస్తారు. ఏనుగు గోడ మీద ఉండాదో లేదో ముందే కనుక్కొని పో.